అప్‌డేట్: పీసీ ఉన్నట్టుండి ఆగిపోవడం, రీస్టార్ట్ అవడం - కారణాలు దొరికాయి

గేమ్ ఆడుతుంటే పీసీ టక్కున ఆరిపోతోందని, ఊరికే ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు రీస్టార్ట్ అవుతోందని అడిగాను కదా. తప్పు ఒకటి కాదు, రెండు.

విండోస్ తన తప్పులు నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 (పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని), బగ్‌చెక్ కోడ్ (క్రాష్ కారణం చెప్పే నంబరు) 0 అని ఉంది. అంటే బ్లూ స్క్రీన్ (విండోస్ క్రాష్) నమోదు కాలేదు, కాబట్టి మొదట కరెంటు వైపే చూడాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లూ తప్పుల్లేకుండా పూర్తయింది. ప్రాసెసర్ 74 డిగ్రీలు దాటలేదు.

రీస్టార్ట్‌లకు కారణం ఇన్వర్టర్. వెనక స్విచ్ నార్మల్ మోడ్‌లో ఉంది. కడపలో ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ బాగా పడిపోయినా ఆ మోడ్ బ్యాటరీకి మారదు. మారినా ఆలస్యమే. ఎస్ఎంపీఎస్ (పీసీ లోపలి పవర్ సప్లై) తనలోని నిల్వతో నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లే. ఫ్యాన్లు, లైట్లకు ఆ ఆలస్యం తెలియదు, పీసీకి తెలుస్తుంది. వోల్టేజీ పడగానే త్వరగా బ్యాటరీకి మారే యూపీఎస్ మోడ్‌కి మార్చాక రీస్టార్ట్ ఒక్కటీ లేదు.

పూర్తిగా ఆరిపోవడం వేరే కథ. స్విచ్ ఆపి కాసేపాగితేనే మళ్లీ ఆన్ అయ్యేది. అది ఎస్ఎంపీఎస్ రక్షణ కోసం తనంతట తాను ఆగిపోవడం. గ్రాఫిక్స్ కార్డుకున్న రెండు 8 పిన్ సాకెట్లకూ ఒకే కేబుల్ తాలూకు రెండు కొసలు పెట్టాను. ఒక్కో సాకెట్ 150 వాట్లకు ఉద్దేశించింది, అంటే మొత్తం 300 వాట్ల భారం ఒకే తీగమీద! విడి కేబుల్ తగిలించాను. అది మాత్రం అదే ఎస్ఎంపీఎస్‌తో వచ్చినదే అయ్యుండాలి. వేరే మోడల్ కేబుల్ సాకెట్లో పట్టినా పిన్ల వరస మారి కార్డు కాలిపోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ పరీక్ష రెండు గంటలు నడిపాను, ఆగలేదు.