లాప్‌టాప్‌ని మిక్సర్‌కి కలిపితే పాటలో గొంతు మాయం, పైగా హమ్

తంత్రి_నాదం:
అపార్ట్‌మెంట్ హాల్లో 8 ఛానళ్ల మిక్సర్, మోనో ఆంప్లిఫయర్, రెండు కాలమ్ స్పీకర్లు ఉన్నాయి. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఒకే వైరు (ఇటు ఈపీ స్టీరియో, అంటే 3.5 మి.మీ. చిన్న జాక్; అటు పి-38 స్టీరియో, అంటే 6.35 మి.మీ. పెద్ద జాక్) 3వ ఛానల్ లైన్ ఇన్‌లో పెట్టాం. వాయిద్యాలు బాగానే వస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది. చార్జర్ పెడితే గుయ్‌మని మోత. వినాయక చవితి లోపు సరిచేయాలి. సౌండ్ కార్డ్ మార్చాలా?

శ్రుతి_బాక్స్:
కార్డు జోలికి పోకండి, తప్పంతా వైరుదే. మిక్సర్ లైన్ ఇన్ బ్యాలెన్స్‌డ్. జాక్ కొనకి వచ్చిన సిగ్నల్‌లోంచి రింగ్‌కి (కొన వెనకే ఉండే పట్టీకి) వచ్చినదాన్ని తీసేసి, మిగిలిందే లోపలికి పంపుతుంది. మీ వైరులో కొన ఎడమ, రింగ్ కుడి. గొంతు రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. ఉచితంగా కరోకే దొరికిందనుకోండి!

ఈపీ స్టీరియో నుంచి రెండు పి-38 మోనో జాక్‌లున్న వైరు తీసుకోండి. రెండు ఛానళ్లలో పెట్టి, రెండింటి గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) సమానంగా ఉంచండి. మైక్ ఇన్‌లో మాత్రం పెట్టొద్దు. హెడ్‌ఫోన్ అవుట్ దాదాపు 1 వోల్ట్ దాకా ఇస్తుంది, మైక్ ఇన్‌కి కొన్ని మిల్లీవోల్టులు చాలు. పగిలిపోయినట్టు వినిపిస్తుంది.

తంత్రి_నాదం:
థాంక్స్ అన్నా. కానీ ఖాళీగా ఉన్నది ఒక్క ఛానలే.

శ్రుతి_బాక్స్:
అయితే ఎడమ, కుడి తీగలకు చెరో 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, వాటి అవతలి కొనలు కలిపి, ఒకే పి-38 మోనో జాక్ కొనకి సోల్డర్ చేయండి. రెసిస్టర్లు లేకుండా నేరుగా కలిపితే రెండు అవుట్‌పుట్‌లూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, శబ్దం చెడుతుంది. విండోస్ 11లో మోనో ఆడియో ఆన్ చేద్దామనుకుంటే ముందు ఈ వైరు మార్చాలి. పాత వైరుతో మోనో పెడితే గొంతే కాదు, మొత్తం పాటే పోతుంది.

గల్లీ_సౌండ్స్:
హమ్‌కి చార్జర్ ఎర్త్ పిన్ను విరిచేస్తే సరి.

ఎర్త్_పిన్:
ఆ పని ఎవరూ చేయకండి. లోపల లీకేజీ వస్తే షాక్ తగిలేది మైకు పట్టుకున్నవాళ్లకే. లాప్‌టాప్, ఆంప్లిఫయర్ వేర్వేరు ప్లగ్ పాయింట్లలో ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య ఆడియో వైరు షీల్డే (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లికే) దారవుతుంది. ఆ మోత అదే.

ముందు చార్జర్ పీకి చూడండి. మోత ఆగితే లాప్‌టాప్, మిక్సర్, ఆంప్లిఫయర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదకి తెండి. అయినా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌కి తగ్గట్టు మార్చే, కరెంటు అక్కర్లేని చిన్న డబ్బా) పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ (రెండు వైపుల ఎర్త్‌ని విడదీసే స్విచ్) నొక్కండి. దాని అవుట్‌పుట్ మైక్ లెవెల్ కాబట్టి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో (మైకులకు వాడే మూడు పిన్నుల వైరు) మైక్ ఇన్‌కే వెళ్లాలి, ఫాంటమ్ (మిక్సర్ మైకుకి పంపే 48 వోల్టుల కరెంటు) అక్కర్లేదు. స్టేజీ దూరమైతే ఎలాగూ ఇదే మంచిది. ఈపీ వైరు 3 మీటర్లు దాటితే మోత పట్టుకునే అవకాశం పెరుగుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ 30 మీటర్లు లాగినా ఇబ్బంది లేదు.

శ్రుతి_బాక్స్:
లాప్‌టాప్ వాల్యూమ్ 80 శాతం దగ్గర ఉంచి, గెయిన్ మిక్సర్‌లో పెంచండి, ఎర్ర లైటు వెలగకుండా. నోటిఫికేషన్లు ఆపేయండి, లేకపోతే హారతి మధ్యలో టింగ్‌మంటుంది. వైర్లు పీకేముందు ఆంప్లిఫయర్ ఆఫ్ చేయండి.