కళా మ్యూజియంలో ఫ్యాషన్ ప్రదర్శనలకు చోటివ్వడం సమంజసమేనా?

చిత్తూరు వాసి:
న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2018లో పెట్టిన ‘హెవెన్లీ బాడీస్’ దుస్తుల ప్రదర్శనను 16 లక్షల మందికి పైగా చూశారు. జనం వచ్చినంత మాత్రాన అది కళ అయిపోదని నా అభిప్రాయం. 2000లో న్యూయార్క్‌లోనే ఉన్న గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ దుస్తులను ప్రదర్శించినప్పుడు ఆయన సంస్థ ఇచ్చే భారీ విరాళం మాట బయటికి వచ్చి పెద్ద దుమారమే రేగింది. అంగట్లో దొరికే సరుకును అద్దాల వెనుక నిలబెట్టి టికెట్టు కొనిపిస్తే దాన్ని ప్రచారం అనక ఏమనాలి? పైగా ఆమధ్య నేను చూసిన ఒక వస్త్ర ప్రదర్శనలో అంచుల పనితనం కూడా కనబడనంత చీకటి.

శ్రీకాళహస్తి నుంచి:
చీకటి సంగతి ముందుగా చెబుతాను. వెలుతురు వల్ల వెలిసిన రంగు తిరిగి రాదు కాబట్టి పాత వస్త్రాల దగ్గర కాంతిని సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించనివ్వరు. మా ఊరి కలంకారీనే చూడండి. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రావకంలో కలం ముంచి గీస్తే, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ ఆ మొన తాకిన చోట నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది కనుక పాత అద్దకాల్లో తరచుగా నల్లగీత వెంబడే చిరుగు మొదలవుతుంది.

ఇక అసలు ప్రశ్న. కోరమాండల్ తీరంలో చేత్తో రంగులద్దిన గుడ్డతో 18వ శతాబ్దంలో కుట్టిన యూరోపియన్ గౌనులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అదే గుడ్డ తెరగా వేలాడితే కళ, గౌనుగా కుడితే సరుకు అనడం నాకు మింగుడుపడదు.

తిరుపతి పాఠకురాలు:
చిత్తూరు వాసిగారి భయం నిరాధారం కాదు, అయితే దానికి కట్టుబాట్లు పెట్టుకోవచ్చు. అప్పటికి జీవించి ఉన్న ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁకు 1983లో ప్రదర్శన పెట్టి విమర్శల పాలైన మెట్రోపాలిటన్, 2017లో జపాన్ డిజైనర్ రేయి కవాకుబో వరకు జీవించి ఉన్నవారి ఏకవ్యక్తి ప్రదర్శన జోలికి పోలేదు.

చిత్తూరు వాసి:
మంచిదే. కానీ ఆ గౌనులకు రంగులద్దిన మనిషి పేరు ఎక్కడైనా ఉందా? డిజైనర్ పేరు గోడంత ఉంటుంది.

శ్రీకాళహస్తి నుంచి:
లేదు, నా ఫిర్యాదు కూడా అదేనండీ. కలంకారీ చిత్రకారులైన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, అంటే చిత్రపటంగా చూసినప్పుడు గీసిన చేతికి పేరుంది. అదే గుడ్డ డిజైనర్ చేతికి వెళ్లి లెహంగాగా మారితే ఆ పేరు ఊడిపోతుంది. మ్యూజియం చీటీ మీద గీసినవారు, అద్దినవారు, కుట్టినవారు అందరి పేర్లూ రాయించాలని అడుగుదాం; అది ర్యాంప్ మీద సాధ్యం కాదు, మ్యూజియంలో సాధ్యమే.

చిత్తూరు వాసి:
ఆ నియమం పెడితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. విరాళాల సంగతిలో మాత్రం నా మాట మార్చుకోలేను.