పదో తరగతి సోషల్‌కి విడిగా కోర్సు పెట్టించాలా?

వేళచ్చేరి అమ్మ:
అందరికీ నమస్తే అండీ. మాది నెల్లూరు వైపు, చెన్నైలో స్థిరపడ్డాం. మా అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి. లెక్కలు, సైన్సు గురించి బెంగ లేదు, ఇంట్లో గొడవంతా సోషల్ దగ్గరే. పైకి గట్టిగా చదువుతుంది, సంవత్సరాలు కంఠతా పట్టేస్తుంది, మర్నాడు రౌలట్ చట్టం ముందా చౌరీచౌరా ముందా అంటే తడుముకుంటుంది. మొన్న స్కూలు పరీక్షలో ఒక పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలడిగితే, ఆ పేరాలో వాక్యాలే ఎత్తి రాసింది, సగం మార్కులు పోయాయి. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌వాళ్ళు సోషల్‌కి ఆన్‌లైన్ కోర్సు ఉంది, వీడియోలు, నోట్సు, వారానికో టెస్టు అంటున్నారు. ఫీజు మాకు భారమే. పైగా తనకి పదకొండులో హ్యుమానిటీస్ (హిస్టరీ, పొలిటికల్ సైన్స్ లాంటివి) తీసుకోవాలని ఉంది, చుట్టాలందరూ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

అన్నానగర్ టీచర్:
అమ్మా, నేను చాలా ఏళ్ళు ఇక్కడే సోషల్ చెప్పి రిటైరయ్యాను. ముందు పేపరు ఎలా ఉంటుందో చూడండి. థియరీ 80 మార్కులు, ఇంటర్నల్స్ 20. ఆ 80లో హిస్టరీ, జాగ్రఫీ, సివిక్స్, ఎకనామిక్స్ తలా 20, మ్యాపు మార్కులు 5 అందులోనే. ఇందులో వట్టి సంవత్సరం అడిగి మార్కులిచ్చేది చాలా తక్కువ. ఎందుకు జరిగింది, ఎవరికి ఏం కావాలి అన్నదే అడుగుతారు.

'నేషనలిజం ఇన్ ఇండియా' పాఠమే తీసుకోండి. అందరూ దాన్ని 1919 రౌలట్, జలియన్‌వాలాబాగ్, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా, 1930 దండి అని వరసగా బట్టీ కొడతారు. పాఠానికి గుండెకాయ మధ్యలో ఉంది. సహాయ నిరాకరణలోకి ఎవరి బాధతో వాళ్ళు వచ్చారు. యూపీలోని అవధ్ రైతులకి తాలూక్‌దార్ల, అంటే పెద్ద భూస్వాముల, వెట్టిచాకిరీ పోవాలి. అస్సాం తేయాకు తోటల కూలీలకి 1859 చట్టం ప్రకారం అనుమతి లేకుండా తోట దాటే వీల్లేదు, గాంధీ రాజ్యం వస్తోంది, ఊళ్ళో భూమి ఇస్తారు అనుకుని వేల మంది బయల్దేరారు, రైళ్ళు, స్టీమర్ల సమ్మెతో దారిలోనే చిక్కుకుని పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నారు. మన గూడెం కొండల్లో అడవిలోకి పశువుల్ని తోలనివ్వరు, కట్టెలు కొట్టుకోనివ్వరు, పైగా రోడ్లు వేయడానికి రమ్మంటారు. అల్లూరి సీతారామరాజు గాంధీని మెచ్చుకున్నాడు, ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు, అయినా స్వాతంత్ర్యం బలప్రయోగంతోనే వస్తుందన్నాడు. 1924లో ఆయన్ని చంపేశారు. అమ్మాయికి ఈ ముగ్గురి బాధలూ వేరువేరుగా తెలిస్తే, పేరా ఏదిచ్చినా సొంత మాటల్లో రాస్తుంది.

ఒక్క పని చేయించండి. పాఠం చదివాక పుస్తకం మూసేసి మీకు తెలుగులో చెప్పమనండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడ అర్థం కాలేదన్నమాట, అక్కడికి మళ్ళీ పంపండి. తర్వాత ఇంగ్లీషులో రాయమనండి. ఏ వీడియో కోర్సూ కూర్చుని ఇలా వినదు కదమ్మా, అందుకే ఆ ఫీజు కట్టొద్దంటున్నాను.

పన్నెండో తరగతి హ్యుమానిటీస్:
ఆంటీ, నేను ఇక్కడే హ్యుమానిటీస్ చదువుతున్నాను, మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది. పదిలో హిస్టరీ మార్కులు చూసి వద్దనకండి, ఇక్కడ చదివే తీరే వేరు. మాకు ఒక పాఠంలో సాంచి స్తూపం నిలిచింది, అమరావతి స్తూపం ఎందుకు నిలవలేదు అని ఉంటుంది. సాంచి 1818లో బయటపడేసరికి దాని నాలుగు తోరణాల్లో మూడు ఇంకా నిలిచే ఉన్నాయి, తర్వాత దాన్ని ఉన్నచోటే కాపాడారు. అమరావతి అంతకుముందే, దొరికినవాటిని ఉన్నచోటే కాపాడాలన్న ఆలోచన రాకముందే బయటపడింది, రాళ్ళు ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకుపోయారు. వాల్టర్ ఇలియట్ అనే అధికారి మద్రాసుకి తెప్పించినవి చాలావరకు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడి ఎగ్మోర్ మ్యూజియంలోనూ చాలా అమరావతి పలకలున్నాయి. పాఠం చదివాక ఎగ్మోర్ వెళ్ళి ఆ పాలరాయి రంగు పలకల ముందు నిలబడితే, మన అమరావతి రాయి ఇక్కడెందుకుందో నాకు కోపంతో సహా అర్థమైంది. అక్కడ నిలబడి ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితే అమ్మాయి హిస్టరీకి సరిపోతుంది. తర్వాత లా, జర్నలిజం, సివిల్స్, టీచింగ్ ఇలా దారులున్నాయి, చుట్టాలకి అదే చెప్పండి.

పెరంబూర్ నాన్న:
కోర్సు డబ్బులో పదో వంతు కూడా అవదు, ఆదివారాలు ఊళ్ళో తిప్పండి. సెయింట్ జార్జ్ కోట 1639లో దామర్ల నాయకులిచ్చిన భూమి మీద మొదలైంది, వాళ్ళు తెలుగువాళ్ళే. ప్యారీస్ కార్నర్ దగ్గర సైమన్ కమిషన్‌కి నిరసనగా 1928లో టంగుటూరి ప్రకాశం తుపాకుల ముందు చొక్కా విప్పి గుండె చూపించారు. మైలాపూర్‌లో పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబర్ 15న కన్నుమూసిన ఇల్లు ఇప్పుడు స్మారకం. ఏడాది తిరక్కుండా, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మా అబ్బాయి ఆ తేదీలు ఇప్పటికీ మర్చిపోలేదు, ఒక్కటీ కూర్చుని కంఠతా పట్టలేదు.

వేళచ్చేరి అమ్మ:
చాలా థాంక్స్ అండీ. కోర్సువాళ్ళకి వద్దని చెప్పేశాను. టీచర్ గారూ, మ్యాపు సంగతి కూడా కాస్త చెప్పరా?

అన్నానగర్ టీచర్:
అమ్మా, స్టేషనరీ షాపులో ఖాళీ ఇండియా మ్యాపులు ఒక కట్ట తెచ్చి పెట్టండి. హిస్టరీకి చంపారన్, ఖేడా, అహ్మదాబాద్, అమృత్‌సర్, చౌరీచౌరా, దండి, ఇంకా కాంగ్రెస్ సమావేశాలు జరిగిన కలకత్తా, నాగపూర్, మద్రాసు. ఈ మద్రాసు సమావేశం 1927ది. రోజుకో మ్యాపు, పుస్తకం చూడకుండా. చంపారన్, చౌరీచౌరా పక్కపక్కనే వస్తాయి, పిల్లలు తారుమారు చేస్తారు. చంపారన్ బిహార్, చౌరీచౌరా యూపీలో గోరఖ్‌పూర్ దగ్గర, ఆ రెండూ నాలుగైదు సార్లు పెట్టించండి.