శాన్‌ఫ్రాన్సిస్కోకి అమ్మానాన్నల ప్రయాణం: సింగపూర్ మీదుగానా, దుబాయ్ మీదుగానా?

గిరింపేట, చిత్తూరు:
జూన్‌లో అమ్మానాన్నలను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న చెల్లెలి దగ్గరికి పంపాలి. చెన్నైలో ఎక్కిస్తాం. మా బావ దుబాయ్ మీదుగా పంపమంటున్నాడు. చెన్నై నుంచి దుబాయ్‌కి సుమారు 2,900 కి.మీ., అక్కణ్నుంచి 13,000. సింగపూర్‌కీ 2,900 దాకానే గానీ, ఆపైన 13,600. దూరం తక్కువైతే టైమూ తక్కువే కదా అంటాడు. నాకెందుకో మనసొప్పట్లేదు. నాన్నకు 71, మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

తిరుచానూరు రోడ్:
అన్నా, ఆ లెక్క రోడ్డు మీద నడుస్తుంది, ఆకాశంలో కాదు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది. సింగపూర్ నుంచి పసిఫిక్ దాటే విమానాన్ని ఆ గాలి వెనకనుంచి తోస్తుంది. 15 గంటల్లో దిగుతారు. దుబాయ్ నుంచి 600 కి.మీ. తక్కువైనా దాదాపు 16 గంటలు. వచ్చేటప్పుడు మాత్రం సింగపూర్ దారిలో ఎదురుగాలి, 17 దాకా పడుతుంది. పోయేటప్పుడు సింగపూర్, వచ్చేటప్పుడు దుబాయ్. ఇదీ నా మాట.

గిరింపేట వాళ్ల బావ:
దుబాయ్ విమానం పడమరకే కదా పోయేది, మరి ఎదురుగాలికి 20 గంటలు పట్టాలిగా?

తిరుచానూరు రోడ్:
పడమరకు పోదు సార్. ఇంట్లో గ్లోబు ఉంటే దుబాయ్ మీద దారం పెట్టి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగండి. దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. మా అబ్బాయి గ్లోబు మీద చూసేదాకా నేనూ నమ్మలేదు. ఎక్కువ దారి ఉత్తరానికి ఎక్కి దిగడమే, అందుకే గాలి దెబ్బ అంతగా ఉండదు.

పలమనేరు:
గంట తేడా కోసం ఇంత వాదనా? మా అమ్మ పోయినేడు 16 గంటలు ఒకే సీట్లో కూర్చుని దిగేసరికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. తమ్ముడు రబ్బరు చెప్పులు కొని తెచ్చి వేశాడు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చూడండి. అక్కడికి 10 గంటలు, ఆపైన 11న్నర. మొత్తం ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ మధ్యలో కాళ్లు చాచుకోవచ్చు. మోకాళ్లు బాగోలేని మనిషిని 15 గంటలు కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

గిరింపేట వాళ్ల బావ:
దారం పెట్టి చూశాను, నిజమే. పోయేటప్పుడు సింగపూర్‌కి ఒప్పుకున్నా. ఫ్రాంక్‌ఫర్ట్ వద్దు, చెన్నై నుంచే పది గంటలంటే ఆయన మొదటి దెబ్బకే డీలా పడతాడు. నాలుగు గంటల్లో సింగపూర్‌లో దిగి, నడిచి, తిని ఎక్కితే నయం.

గిరింపేట, చిత్తూరు:
నాన్నకు చదివి వినిపించాను. ‘ఇంటి నుంచి చెన్నైకి మూడు గంటలు, అక్కడ మూడు గంటల ముందుండాలి, ఆ ఆరూ ఎవరూ లెక్కెయ్యలేదే’ అన్నాడు. వీల్‌చెయిర్, నడవ పక్క సీటు ఇప్పుడే అడుగుతున్నా. ఇంకో సంగతి. జూన్‌లో సింగపూర్ గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో కంటే 15 గంటలు ముందుంటుంది. పొద్దున 9కి ఎక్కితే అదే తేదీ పొద్దున 9కే దిగుతారు. నాన్న బీపీ మాత్ర ఏ పొద్దున వేసుకోవాలో రేపు డాక్టర్‌ని అడిగి రాయించుకుంటాను.