అక్రమ వలసల గొడవలో హిస్పానిక్‌లందరినీ ఒకే గాటన కడుతున్నామా?

ప్లేనో_రమణ:

మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య జరిగింది చెప్పి ఒక మాట అడుగుతాను. వడగళ్ళు పడి ఇళ్ళ పైకప్పులు పాడయ్యాయి, ఏ వీధిలో చూసినా రూఫింగ్ పనే. ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకుంటూ, ఇంటి నంబర్లు వెతుక్కుంటూ మా వీధిలో నడుస్తుంటే ఎవరింటి డోర్‌బెల్ కెమెరాలోనో పడ్డారు. ఆ వీడియో గ్రూపులోకి వచ్చింది. కింద రాత: "ఇల్లీగల్స్ తిరుగుతున్నారు, జాగ్రత్త." వరసగా థాంక్సులు. ఒకాయన ఐస్ (వలస చట్టాలు అమలు చేసే ఫెడరల్ సంస్థ) వాళ్ళకు ఫిర్యాదు చేసే ఫోన్ నంబరు కూడా పెట్టాడు. చివరికి మూడో ఇంట్లో ఉండే మన తెలుగాయనే వచ్చి "వాళ్ళు నా రూఫు చూడటానికి వచ్చారండీ, నేనే పిలిచాను" అన్నాడు. అంతటితో గ్రూపు సద్దుమణిగింది. వీడియో మాత్రం ఎవరూ తీసేయలేదు, ఆ రాతా ఉంది.

ఆ ఇద్దరి పేపర్లు ఎవరూ చూడలేదు. చూసిందల్లా ఒంటి రంగు, చేతిలో నిచ్చెన.

2020 జనాభా లెక్కల్లో ఈ దేశంలో హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు, 6.2 కోట్ల మంది. ఐదుగురిలో సుమారు నలుగురు అమెరికా పౌరులే. ప్యూర్టోరికో వాళ్ళకు 1917 నుంచీ పౌరసత్వం ఉంది. టెక్సస్ అమెరికాలో కలిసింది 1845లో, అంతకు ముందు నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబాలున్నాయి. అయినా మనం ఇంట్లో "ఇల్లీగల్" అనగానే కళ్ళ ముందు వచ్చే మొహం ఒకటే. ఏళ్ళ తరబడి టీవీల్లో, ఎన్నికల సభల్లో నడిచిన చర్చే ఆ మొహాన్ని మన బుర్రల్లో పెట్టిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

క్యూలో_2014:

రమణ గారూ, మీ గ్రూపు వాళ్ళు చేసింది తప్పు. అందులో రెండో మాట లేదు. కానీ ఆ తప్పును తీసుకెళ్ళి చర్చ మీద రుద్దడం నాకు నచ్చలేదు.

నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ, 2014. ఇన్నేళ్ళుగా ఒక్కో వీసా స్టాంపుకీ భయపడుతూ, నాన్న పోయినప్పుడు కూడా వెళ్తే తిరిగి రానిస్తారో లేదో అని లెక్కలు వేసుకుంటూ బతికాను. పద్ధతి ప్రకారం వచ్చినవాడికీ, సరిహద్దు దాటి వచ్చినవాడికీ తేడా ఉండాలా వద్దా అని నేను అడిగితే అది ద్వేషమా? ఈ ప్రశ్న అడిగిన ప్రతివాడికీ జాతి వివక్ష ముద్ర వేస్తే మామూలు మనిషి నోరు మూసుకుంటాడు, ఇక మిగిలేది అరిచేవాళ్ళే.

ఇంకొకటి. హిస్పానిక్‌లందరూ ఈ చర్చను తమ మీద దాడిగా చూస్తున్నారని ఎవరన్నారు? టెక్సస్‌లో మెక్సికో సరిహద్దున, రియో గ్రాండే నది ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది, జనం దాదాపు అందరూ హిస్పానిక్‌లే. 1892 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్‌ను గెలిపించని కౌంటీ అది. 2024లో ట్రంప్‌ను గెలిపించింది. కాలిఫోర్నియా పొలాల్లో కూలీల సంఘం పెట్టిన సీజర్ చావెజ్‌నే తీసుకోండి. సమ్మె జరుగుతుంటే రైతులు పేపర్లు లేని కూలీలను దించుతున్నారని 1974లో ఆయన సంఘమే ఆ కూలీల వివరాలు ఇమిగ్రేషన్ ఆఫీసుకు పంపింది. ఆయనకు మెక్సికన్ల మీద ద్వేషమా?

సింధు_ఫీనిక్స్:

చావెజ్ మాట నిజమే. కానీ ఆయన గొడవ కూలి రేట్ల గురించి. అరిజోనాలో మేం చూసింది వేరు.

2010 ఏప్రిల్‌లో గవర్నర్ జాన్ బ్రూవర్ ఎస్‌బీ 1070 అనే చట్టం మీద సంతకం పెట్టినప్పుడు మేం ఫీనిక్స్ పక్కన మేసాలో ఉండేవాళ్ళం. పోలీసులు ఏ కారణంతో బండి ఆపినా, ఈ మనిషి అక్రమంగా ఉన్నాడేమో అని అనుమానం వస్తే పేపర్లు అడగాలి, అదీ చట్టం. ఆ అనుమానం దేన్ని చూసి వస్తుందండీ? మా ఆయనది నల్లటి రంగు, మీసం. కొత్తవాళ్ళు ఆయనతో స్పానిష్‌లో మాట కలిపేవాళ్ళు. పాస్‌పోర్టు, ఐ-797 (వీసా అనుమతి కాగితం) జిరాక్సు కవర్లో పెట్టి కారు డాష్‌బోర్డులో పడేసుకుని పాల ప్యాకెట్‌కి కూడా వెళ్ళేవాళ్ళం. 2012లో సుప్రీంకోర్టు ఆ చట్టంలో మూడు భాగాలు కొట్టేసింది గానీ, ఈ పేపర్లు అడిగే భాగాన్ని ఉంచింది.

అంతకు ముందు నుంచే మా కౌంటీ షెరిఫ్ జో అర్పాయో సోదాలు నడుస్తున్నాయి. ఆయన మీద కేసు ఎవరు వేశారో తెలుసా? చెల్లుబాటయ్యే వీసా మీద వచ్చిన ఒక మెక్సికన్ టూరిస్టు. 2007లో కారులో పక్క సీట్లో కూర్చున్నందుకు గంటల తరబడి పట్టి ఉంచారు. 2013లో ఫెడరల్ జడ్జి ముర్రే స్నో, షెరిఫ్ ఆఫీసు లాటినోలను జాతిని బట్టి ఏరి మరీ ఆపుతోందని తీర్పు ఇచ్చాడు. అర్పాయో ఆ కోర్టు ఆదేశాలనే లెక్కచేయలేదు, 2017లో కోర్టు ధిక్కార నేరం రుజువైంది, వెంటనే ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు.

క్యూ గారూ, మీరు తేడా చూపించమంటున్నారు. చూపించండి, నాకూ అభ్యంతరం లేదు. కానీ వీసా ఉందా లేదా అన్నది మొహం మీద రాసి ఉండదు. రాసి లేనిదాన్ని వీధిలో వెతకమంటే వెతికేవాడు రంగునే చూస్తాడు. నేను చెప్పేదంతా ఇదే.

నల్లమల_విజయ్:

మన గురించి కూడా కొంచెం మాట్లాడుకుందాం.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథా. ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల దగ్గరికి ఒకడు వచ్చి ఏ వీసా మీద ఉన్నారు, అక్రమంగా ఉంటున్నారా అని నిలదీశాడు. బయటికి పంపేస్తే తుపాకీతో తిరిగొచ్చాడు. "నా దేశం నుంచి వెళ్ళిపోండి" అని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు. ఇద్దరిదీ సక్రమమైన ఉద్యోగమే. తర్వాత వాడు ఇంకో చోట, ఇరానియన్లను కాల్చానని చెప్పుకున్నాడు. వీసా గురించి అడిగాడు కదా, జవాబు కోసం ఆగాడా?

ఇక అక్రమంగా ఉంటున్నవాళ్ళలో మనవాళ్ళు లేరా? 2022కి ప్యూ అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం మెక్సికో, ఎల్ సాల్వడార్ తర్వాత మూడో స్థానం భారతదేశానిదే, సుమారు 7.25 లక్షల మంది. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ప్రభుత్వమే ఉత్తుత్తి కాలేజీ పెట్టి పట్టుకున్న పిల్లల్లో దాదాపు అందరూ భారతీయులు, అందులోనూ మన తెలుగువాళ్ళే ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో సైనిక విమానంలో 104 మందిని సంకెళ్ళు వేసి అమృత్‌సర్‌లో దింపారు. అయినా మన గుళ్ళో, మన సంఘాల్లో "ఇల్లీగల్" అంటే మనవాడు గుర్తుకు రాడు, రూఫు ఎక్కినవాడే గుర్తుకు వస్తాడు. రమణన్న అడిగినదానికి నాకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

కొత్తగూడెం_కుర్రాడు:

నేను ఇంకా రాలేదు, వచ్చే ఫాల్‌కి అడ్మిషన్ ఉంది. యూట్యూబ్‌లో చూస్తే బోర్డర్ దాటినవాళ్ళ వల్లే నేరాలు అంటున్నారు. ఆ భయం నిజమైతే జనానికి కోపం రావడం సహజమే కదన్నా?

ప్లేనో_రమణ:

తమ్ముడూ, ఆ లెక్క టెక్సస్‌లోనే దొరుకుతుంది. ఇక్కడ ఎవరిని అరెస్టు చేసినా వేలిముద్రలు ఫెడరల్ ప్రభుత్వానికి వెళ్తాయి, స్టేటస్ తెలుస్తుంది. ఆ రికార్డుల మీద 2020లో వచ్చిన పరిశోధన ప్రకారం హింసాత్మక నేరాలకు అరెస్టయ్యే రేటు, అక్రమ వలసదారులతో పోలిస్తే ఇక్కడ పుట్టినవాళ్ళలోనే రెండింతలకు పైగా ఉంది. ఘోరమైన నేరాలు చేసిన అక్రమ వలసదారులు లేరని కాదు. ఉన్నారు, శిక్ష పడాల్సిందే. కానీ ఒక్కో కేసు నెలల తరబడి టీవీలో తిరుగుతుంది. లెక్క ఒక్కసారైనా తిరగదు.

కోపం సహజమన్నావు కాబట్టి ఇది కూడా విను. మా పక్క ఊరు ఆలెన్. మనవాళ్ళు వేలల్లో ఉంటారు, రేపు నువ్వూ అక్కడ ఇల్లు తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఆ ఊరి కుర్రాడే ఒకడు, ఇరవై ఏళ్ళు దాటి ఎంతో కాలేదు, పది గంటలు కారు నడుపుకుంటూ మెక్సికో సరిహద్దున ఉన్న ఎల్ పాసో వెళ్ళి, శనివారం పూట వాల్‌మార్ట్‌లో బడి సామాన్లు కొనుక్కుంటున్న జనాన్ని కాల్చాడు. 23 మంది పోయారు. వెళ్ళే ముందు ఇంటర్నెట్‌లో రాసి పెట్టాడు: ఇది టెక్సస్ మీద హిస్పానిక్ దండయాత్రకు జవాబని. ఆ "దండయాత్ర" మాట వాడు కనిపెట్టింది కాదు. అప్పటికే టీవీల్లో, ఎన్నికల ప్రకటనల్లో రోజూ వినిపిస్తోంది. అక్కడ చనిపోయినవాళ్ళలో పౌరులెవరు, షాపింగ్‌కి వంతెన దాటి వచ్చిన మెక్సికోవాళ్ళెవరు అని వాడు చూశాడా? వాడికి ఆ తేడాతో పనే లేదు.

క్యూలో_2014:

ఎల్ పాసో హంతకుణ్ణీ నన్నూ ఒక దారాన కట్టకండి. మీరు కట్టారనడం లేదు, కానీ చదివేవాళ్ళకు అలా అనిపిస్తుంది.

2023 డిసెంబరు ఒక్క నెలలో దక్షిణ సరిహద్దు దగ్గర బోర్డర్ పెట్రోల్‌కు చిక్కినవాళ్ళు 2.5 లక్షల దాకా ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే టెక్సస్ సరిహద్దు ఊరు ఈగిల్ పాస్ మేయర్ ఎమర్జెన్సీ ప్రకటించాడు. ఆయనా హిస్పానిక్, ఊరూ హిస్పానిక్. మంచినీళ్ళు, షెల్టరు, ఆసుపత్రి మంచాలు చాలక వాళ్ళు మొత్తుకుంటే ఎన్నాళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. మాట్లాడనివ్వకపోవడం వల్ల పెరిగిన కోపం కూడా కోపమే. దాని ఫలితం స్టార్ కౌంటీలో చూశాం.

సింధు గారు చెప్పిన "మొహం మీద రాసి ఉండదు" అన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. 2025 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ సోదాల మీద సుప్రీంకోర్టు కేసు చదివాను. జాతి ఒక్కటే చూసి ఆపకూడదు గానీ, మిగతావాటితో కలిపి చూడొచ్చని జస్టిస్ కవనా రాశాడు. ఆ కోర్టు 1975 తీర్పులోనూ దాదాపు ఇదే ఉందట. లాటినోలా కనిపించి, స్పానిష్ మాట్లాడి, తక్కువ జీతం పని చేసేవాళ్ళెవరినైనా ప్రభుత్వం పట్టుకునే దేశంలో మనం బతకాల్సిన ఖర్మ ఉండకూడదని జస్టిస్ సోటోమయోర్ విభేదిస్తూ విడిగా రాసింది. అందులో నేను ఆమె పక్షమే. కానీ సరిహద్దు దగ్గర గట్టిగా ఉండాలన్న మాట నేను వదలను. వీధిలో మనుషుల్ని ఆపొద్దంటే, ఇంకెక్కడ ఆపాలో మీరు చెప్పండి.

సింధు_ఫీనిక్స్:

పని ఇచ్చేవాడి దగ్గర. ఈ చర్చలో అసలు మొహమే లేనివాడు వాడు. పేపర్లు లేవని తెలిసీ పనిలో పెట్టుకోవడం 1986 నుంచీ చట్టం ప్రకారం తప్పే. అరిజోనాలో ప్రతి కంపెనీ ఈ-వెరిఫై (పని చేసే అర్హత ఉందో లేదో ప్రభుత్వ రికార్డుల్లో ఆన్‌లైన్‌లో సరిచూడటం) చేయాలని 2008 నుంచి రూలుంది. సరిహద్దు గురించి అంత మాట్లాడే టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకు మామూలుగా ఆ నిబంధనే లేదు. రూఫింగ్ కాంట్రాక్టరు పేరు ఎవరైనా వాట్సాప్‌లో పెట్టారా?

నల్లమల_విజయ్:

అక్కా, ఆ 1986 చట్టంలో కూడా ఒక చిక్కుంది. అది వచ్చిన నాలుగేళ్ళకు జీఏఓ (పార్లమెంటు తరఫున ప్రభుత్వ పనితీరు పరిశీలించే సంస్థ) పరిశీలిస్తే, జరిమానా భయంతో చాలామంది యజమానులు పరాయివాళ్ళలా కనిపించినవాళ్ళను, యాస ఉన్నవాళ్ళను అసలు పనిలోకే తీసుకోవడం మానేశారని తేలింది. పేపర్లున్న హిస్పానిక్‌లు, మన ఆసియావాళ్ళు అందులో నష్టపోయారు. కాబట్టి ఈ-వెరిఫై పెట్టినా, చేరిన ప్రతి ఒక్కరికీ చేయాలి, అదీ ఉద్యోగం ఇచ్చాక చేయాలి. కొందరినే ఏరి చేస్తే మళ్ళీ మేసాలో మీ డాష్‌బోర్డు కథే.

క్యూలో_2014:

ఉద్యోగం ఇచ్చాక, అందరికీ. దానికి నేను సంతకం పెడతాను. రమణ గారూ, ఆ గ్రూపు అడ్మిన్ నాకూ తెలిసినాయనే అనుకుంటాను. ఆ వీడియో, ఆ ఫోన్ నంబరు తీసేయమని మీరొక మెసేజ్ పెట్టండి, కింద నా పేరు కూడా రాయండి.