ఆదివారం క్లాసికో (బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ ఆట): సెంటర్ గీత దాకా జరిగే బార్సిలోనా డిఫెన్స్ ఎంబాపేను ఆపగలదా?

మైదానం మాస్టారు (2025 మే 9, రాత్రి 9.20)

నేను అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. వేసవి సెలవుల్లో ఉదయం ఆరింటికి పదహారు మంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ మా జిల్లాకు వచ్చి స్థిరపడిన పుణ్యమా అని ఇక్కడ ఈ ఆటకు స్పెయిన్ గాలి ఎప్పటినుంచో సోకింది. ఇంత క్రికెట్ పిచ్చిలోనూ బార్సిలోనా ఫార్వర్డ్ రఫీనా ఎవరో తెలిసిన పిల్లలు దొరుకుతారు.

పోయిన వారం ఒక పొరపాటు చేశాను. బార్సిలోనాలా ఆడదామని మా నలుగురు డిఫెండర్లను సెంటర్ గీత దగ్గర నిలబెట్టాను. పక్క మండలం జట్టులో సన్నగా, పొడుగ్గా ఒక కుర్రాడున్నాడు. బంతి మావాళ్ల తలల మీదుగా వెళ్లి పడటం, వాడు పరుగెత్తి అందుకోవడం, ఇదే ఆట. హాఫ్ టైముకే ఐదు గోల్స్. మా గోల్‌కీపర్ తండ్రి గట్టు మీద కూర్చుని అంతా చూశాడు. ఆట అయ్యాక నా దగ్గరకు వచ్చి, "సార్, మావాణ్ని ఒంటరిగా వదిలేశారు" అన్నాడు. నోట మాట రాలేదు.

ఇదే ఎత్తుతో అక్టోబరులో మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబావులో బార్సిలోనా 4-0తో గెలిచింది. మాడ్రిడ్ ఆటగాళ్లు 12 సార్లు ఆఫ్‌సైడ్‌లో (పాస్ కొట్టే క్షణానికే డిఫెండర్ల లైన్ దాటి ఉండటం) దొరికారు, అందులో ఎంబాపే ఒక్కడే 8 సార్లు. మరి అదే డిఫెన్స్ మీద మొన్న ఇంటర్ మిలాన్ రెండు మ్యాచ్‌లలో 7 గోల్స్ ఎలా కొట్టింది? ఇప్పుడు పక్కలు కాసే కుండే లేడు, బాల్డే లేడు. స్పెయిన్ లీగ్ పట్టికలో బార్సిలోనాకు 79 పాయింట్లు, మాడ్రిడ్‌కు 75, ఈ ఆటతో కలిపి నాలుగే మిగిలాయి. ఐపీఎల్ కూడా ఆగిపోవడంతో ఆదివారం రాత్రి 7.45కు పిల్లలంతా మా ఇంటికే వస్తారు. వాళ్లను ఏం గమనించమని చెప్పాలి?

పాత స్టాపర్

మాస్టారూ, నేను సికింద్రాబాద్‌లో పద్నాలుగేళ్లు స్టాపర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో, ఆడినవాణ్ని. మోకాలు పోయింది గానీ నోరు పోలేదు, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ ఐదు గోల్స్ మీ డిఫెండర్ల తప్పు కాదు, మీ ఫార్వర్డ్‌ల తప్పు. బంతి ఉన్నవాడికి తల ఎత్తి చూసే తీరిక దొరికితే సెంటర్ గీత దగ్గర ఎవరు నిలబడ్డా ఆత్మహత్యే. మా కోచ్ మాకు వేరే సిద్ధాంతాలేవీ చెప్పలేదు. "వాడు తల ఎత్తితే నువ్వు వెనక్కి పో, వాడు తల దించితే నువ్వు ముందుకు రా" అనేవారు, అంతే. బార్సిలోనా కోచ్ ఫ్లిక్ చేయించేది కూడా దాదాపు ఇదే. రఫీనా, పెద్రీ, ఓల్మో బంతి ఉన్నవాడి మీద పడి తల ఎత్తనివ్వరు. ఆ తీరిక లేనితనాన్ని నమ్ముకునే వెనక నలుగురూ ముందుకు జరుగుతారు. మీరు వెనక సగం మాత్రమే అరువు తెచ్చుకున్నారు.

అక్టోబరు ఆట మళ్లీ చూపించండి. మొదటి సగంలో ఎంబాపే బంతిని గోల్‌లోకి కొట్టాడు కూడా, ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. ఆ తేడాను అదృష్టం అనుకుంటే పొరపాటు. బార్సిలోనా స్టాపర్ ఇనిగో మార్టినెజ్‌ను చూడండి. వచ్చే వారం అతనికి 34 నిండుతాయి, పరుగులో ఎంబాపే ముందు నిలవలేడు. కానీ పాస్ ఇచ్చేవాడి కాలు వెనక్కి లేవగానే అతను ఒక్క అడుగు ముందుకు వేస్తాడు, పక్కన 18 ఏళ్ల కుబార్సీ అదే క్షణంలో అదే అడుగు వేస్తాడు. ఎంబాపే ఆ రోజు వాళ్ల భుజాల పక్కనే నిలబడి తిన్నగా పరుగెత్తాడు, ఎనిమిది సార్లు దొరికాడు.

ఇంటర్ ఏం చేసిందంటారా? డంఫ్రీస్‌ను వెనకనుంచి పంపింది. లైన్ పక్కన నిలబడినవాణ్ని డిఫెండర్ కనిపెట్టుకుని ఉంటాడు. ముప్పై గజాల వెనకనుంచి ఊపుతో వచ్చేవాడికి మాత్రం లైన్ అంతా కనబడుతుంది, లైన్‌కు వాడు కనబడడు. మాడ్రిడ్ కోచ్ అన్సెలోటి కూడా ఆదివారం ఇదే చేయాలి. ఎంబాపే కాస్త వెనక్కి వచ్చి బంతి అడగాలి, అతని వెంట కుబార్సీ కదిలితే ఆ ఖాళీలోకి బెల్లింగ్‌హామ్, వాల్వెర్దే దూరాలి. చేస్తాడా అంటే అనుమానమే. వెనక్కి రావడం ఎంబాపేకు నచ్చని పని.

బార్సిలోనాకు నిజమైన చిక్కు పక్కల్లో ఉంది. లైన్ దాటిన బంతిని ఇన్నాళ్లూ వెనక్కి పరుగెత్తి పట్టుకున్నది బాల్డే, కుండేల వేగం. ఇప్పుడు ఎడమ పక్క జెరార్డ్ మార్టిన్. ముందుకు వెళితే మంచివాడే, మిలాన్‌లో రెండు గోల్స్‌కు బంతి అందించాడు, కానీ తిరగడానికి బస్సంత సమయం తీసుకుంటాడు. కుడి పక్క ఎరిక్ గార్సియా, ఎదురుగా వినిసియస్. రాసిపెట్టుకోండి, ఆదివారం ఒక గోల్‌కు ఎరిక్ గార్సియా కారణం అవుతాడు.

అయినా మాడ్రిడ్ గెలుస్తుందని నేననను. వాళ్ల డిఫెన్స్ సగం ఆసుపత్రిలో ఉంది: కార్వహాల్, మిలితావ్, రుడిగర్, మెండీ, అలాబా. చౌమేనీ స్టాపర్‌గా ఆడాలి, లూకాస్ వాజ్‌కెజ్ కుడి పక్క కాయాలి. ఎంబాపే, వినిసియస్ వెనక్కి రారు కాబట్టి మైదానం వెడల్పంతా మిగతావాళ్లే పంచుకోవాలి. రఫీనా గీత పక్కన నిలబడే వింగర్ కాదు, లోపలికి దూరతాడు. వాజ్‌కెజ్ వెంట వెళితే బయట ఖాళీ, వెళ్లకపోతే లోపల ఖాళీ. నా లెక్క: మొదటి ఇరవై నిమిషాల్లో మాడ్రిడ్ గోల్ కొడుతుంది, చివరికి 3-2తో బార్సిలోనా.

పిల్లల్ని ఇద్దరేసి చొప్పున విడదీయండి. ఒక జంట బంతి ఉన్నవాడి తలనే చూడాలి, ఇంకో జంట ఇనిగో కాళ్లనే చూడాలి. గోల్ పడినా చూపు తిప్పకూడదు.

తెల్ల చొక్కా

పెద్దాయన ఎంబాపేను అలవోకగా తీసిపారేశారు. జనవరిలో జెడ్డాలో బార్సిలోనా మీద ఐదో నిమిషంలో గోల్ కొట్టింది ఎవరు? కప్ ఫైనల్లో సెకండాఫ్‌లో దిగి ఫ్రీకిక్‌తో స్కోరు సమం చేసింది ఎవరు? (సరే, ఆ రెండూ ఓడిపోయాం. ఒకటి 5-2, ఒకటి 3-2. గుర్తు చేయనక్కర్లేదు.)

అందరూ మరిచిపోయేది ఒకటి చెబుతాను. గోల్ కిక్ నుంచి బంతి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. త్రో ఇన్‌కూ లేదు, కార్నర్‌కూ లేదు. అక్టోబరులో మా గోల్‌లో లూనిన్ ఉన్నాడు, ఇప్పుడు కోర్త్వా ఉన్నాడు. గోల్ కిక్‌ను సెంటర్ గీత అవతల పడేలా కొడితే మీ ఇనిగో అడుగులన్నీ వృథా.

పాత స్టాపర్

మంచి మాట, ఒప్పుకుంటున్నాను. అయితే గోల్ కిక్ అప్పుడు లైన్ వెనక్కి వెళ్లే ఉంటుంది బాబూ, వాళ్లకూ నిబంధనలు తెలుసు. ఆ బంతి గాలిలో ఉండే సమయంలో కుబార్సీ టీ తాగి రావచ్చు.

సాంట్స్ వీధి

నేను ఇక్కడ బార్సిలోనాలో చదువుకుంటున్నాను. క్యాంప్ నౌ మరమ్మతుల్లో ఉంది కాబట్టి ఆట మోంజుయిక్ కొండ మీది ఒలింపిక్ స్టేడియంలో. జనవరిలో వాలెన్సియాను 7-1తో చితక్కొట్టిన రోజు నేనూ పైవరసలో ఉన్నాను. మధ్యలో రన్నింగ్ ట్రాక్ ఉండటంతో ఆటగాళ్లు చీమల్లా కనబడతారు, కానీ టీవీలో కనబడనిది ఒకటి అక్కడ కనబడుతుంది. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు కూడా ఈ నలుగురూ ఊరికే నిలబడరు, ఒకే తాడుకు కట్టినట్టు ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉంటారు.

అన్నగారు ఒక సంగతి వదిలేశారు. మంగళవారం మిలాన్‌లో బార్సిలోనా 120 నిమిషాలు ఆడింది. మాడ్రిడ్‌ను ఆర్సెనల్ ఎప్పుడో ఇంటికి పంపింది, వారమంతా విశ్రాంతే. ఇక్కడ ఆట సాయంత్రం నాలుగుంపావుకు. పెద్రీ కాళ్లు అరవయ్యో నిమిషం తర్వాత ఎలా ఉంటాయన్నదే నా భయం. ముందువాళ్లు అలిసిపోతే మాస్టారి జట్టు గతే.

మైదానం మాస్టారు (మే 11, రాత్రి 11.05)

బార్సిలోనా 4-3. గొంతు పోయింది, టైప్ చేస్తున్నాను.

పద్నాలుగో నిమిషానికే ఎంబాపే రెండు కొట్టేశాడు. మొదటిది పెనాల్టీ, బార్సిలోనా గోల్‌కీపర్ ష్చెస్నీ అతన్ని పడేశాడు. మా ఇంట్లో ఉన్న ఇద్దరు మాడ్రిడ్ పిల్లలు మంచమెక్కి గంతులేశారు. స్టాపర్ గారూ, ఎరిక్ గార్సియా ఒక గోల్‌కు కారణం అవుతాడన్నారు. అయ్యాడు. పంతొమ్మిదో నిమిషంలో మాడ్రిడ్ గోల్‌లోకి తలతో తానే కొట్టాడు, అక్కడినుంచే ఆట తిరిగింది. హాఫ్ టైముకు 4-2. నాలుగోది చూశారా? లూకాస్ వాజ్‌కెజ్ దగ్గర బంతి లాక్కున్నది రఫీనాయే, ఫెరాన్‌కు ఇచ్చి తిరిగి అందుకుని కొట్టిందీ రఫీనాయే. మా పెద్ద ఫార్వర్డ్ ఒకడు నెమ్మదిగా, "సార్, అంటే మేం కూడా పరుగెత్తాలా" అని అడిగాడు. నాలుగు నెలలుగా నేను చెబుతున్నది అదే.

సాంట్స్ వీధి అమ్మాయి భయమూ అబద్ధం కాలేదు. డెబ్బయ్యో నిమిషంలో వినిసియస్ బంతిని పక్కకు తోశాడు, ఎంబాపేకు మూడోది. అప్పటిదాకా కాలు మీద కాలు వేసుకుని నేల మీద కూర్చున్న మా గోల్‌కీపర్, తెర మీద ష్చెస్నీ ముఖం చూసి అన్నాడు: "సార్, ఆయన్ని కూడా ఒంటరిగానే వదిలేశారు."