చర్చ: డేటా పిల్లల చేతే సేకరింపజేయాలా, పట్టిక మనమే ఇవ్వాలా?

పటమట సైన్స్:
ఆరు, ఏడు తరగతులకి ఆధారం చూసి మాట్లాడటం నేర్పాలంటే రెడీమేడ్ పట్టికలు దండగ. పెద్ద అంకె వెతికి జవాబు రాసేస్తారు, అంతే. ఆ అంకె ఎలా వచ్చిందో తెలీనప్పుడు అనుమానం ఎక్కడ పుడుతుంది? పెసలతో చేయించండి. మొలకకి వెలుతురు కావాలా? తడి దూది వేసిన రెండు కప్పులు, ఒక్కోదాంట్లో రాత్రంతా నానిన 20 గింజలు. ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో. 24, 48 గంటలకి లెక్క. చీకట్లో మొలవవని పందెం కాసేవాళ్ళకి అక్కడే జవాబు దొరుకుతుంది.

బ్రాడీపేట లెక్కలు:
మన ఏప్రిల్ ఎండకి కిటికీలో దూది మధ్యాహ్నానికే ఎండిపోతుందండీ. పిల్లాడేమో "వెలుతురు మొలకని ఆపుతుంది" అని రాస్తాడు. అంకెలు నిజమే, తేడా మాత్రం తడిది. ఇంకోటి, 20కి ఒకచోట 17, ఒకచోట 18 వస్తే 18 గెలిచిందంటారు. ముందు శుభ్రమైన పట్టిక చదవడం రావాలి, కప్పులు ఆ తర్వాత.

పటమట సైన్స్:
రెండింటికీ మందుంది. కప్పులన్నీ ఎండ తగలని ఒకే బల్ల మీద పెట్టి, ఒకదానిపై గాజు గ్లాసు, ఇంకోదానిపై నల్ల కాగితం చుట్టిన అలాంటి గ్లాసే బోర్లించండి. నీళ్ళు అన్నిటికీ స్పూన్లతో సమానంగా. కప్పులో నీళ్ళు నిలిస్తే గాలందక గింజ కుళ్ళుతుంది. పుచ్చులు, బద్దలు ముందే ఏరేయాలి. వేరు 2 మి.మీ. బయటికొస్తేనే మొలక అని మొదటిరోజే బోర్డు మీద రాయండి, లేకపోతే ఒకళ్ళు ఉబ్బిన గింజనీ లెక్కేస్తారు.

17, 18 గొడవకి మూడో కప్పు కావాలి. వెలుతురు కప్పుకి అచ్చం జత. ఒకేలా పెట్టిన రెండింట్లోనే 16, 19 వస్తే, వెలుతురుకీ చీకటికీ మధ్య ఒక్క గింజ తేడాతో ఏమీ తేలదని వాళ్ళే అంటారు. ఆరు గ్రూపులవీ కలిపితే చీకటికి 120, వెలుతురుకి 240 గింజలు, అప్పుడు మాట్లాడొచ్చు.

గుణదల:
మూడో కప్పు బాగుంది. కానీ వరదని కప్పులో పెట్టలేం కదా. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే రోజుల్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. బ్యారేజీ గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే కృష్ణే ముంచిందంటారు. గండ్లు పడింది బుడమేరు వాగుకి! ఈ అంకె ఎక్కడ కొలిచారు, ఇందులో లేనిదేంటి అని అడగడం ఇచ్చిన డేటాతోనే వస్తుంది. నోటుబుక్కులో మూడు గడులు గీయించండి: నేననేది, ఏ అంకెని బట్టి, ఇంకే కారణం ఉండొచ్చు. మూడోది ఖాళీగా ఉంటే వెనక్కిచ్చేయడమే.

బ్రాడీపేట లెక్కలు:
అంతా సరే, పరీక్షలో పెసలు రావుగా. వచ్చేది పట్టికే.

పటమట సైన్స్:
పట్టికే ఇవ్వండి మాస్టారూ. 17, 18 లాంటిదే ఇచ్చి, "దీన్నిబట్టి చెప్పలేం" అని కారణంతో రాసినవాడికి పూర్తి మార్కులు వేయండి.